కొత్తగా కళ్ళద్దాలు పెట్టుకున్నాక నేల వాలుగా కనిపిస్తోంది: పవర్ తప్పా, అలవాటు కాకపోవడమా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. వయసు ఇరవై ఆరు, గచ్చిబౌలిలో రోజంతా కంప్యూటర్ ముందు పని. మొదటిసారి సైట్ వచ్చింది. కుడి కన్ను -1.25, సిలిండర్ (ఒక దిక్కులో మాత్రమే అదనంగా ఇచ్చే పవర్) -0.75, యాక్సిస్ (ఆ సిలిండర్‌ని ఏ కోణంలో పెట్టాలో చెప్పే డిగ్రీలు) 170. ఎడమ కన్ను -1.50, సిలిండర్ -1.00, యాక్సిస్ 15. అద్దాలు వచ్చి ఐదు రోజులైంది. దూరపు బోర్డులు స్పష్టంగా కనిపిస్తున్నాయి గానీ నేల వాలుగా ఉన్నట్టుంది, మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే కాలు తడబడుతోంది, సాయంత్రానికి నుదురు బరువెక్కుతోంది. ఆఫీసులో పెట్టుకుని ఇంటికి రాగానే తీసేస్తున్నారు, తీస్తే ముందుకంటే ఎక్కువ మసకగా అనిపిస్తోంది. పవర్ తప్పు వేశారా, ఇలా పెట్టుకుంటూ పోతే ఇంకా పెరుగుతుందా, స్కూటర్ నడపొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. మీరు రాసిన లక్షణాల్లో పవర్ తప్పని చూపించేది ఒక్కటీ లేదు. ఇవన్నీ సిలిండర్ ఉన్న అద్దాలు మొదటిసారి పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమందికి వచ్చేవే. మీ ఇబ్బంది ఐదు రోజులైనా తగ్గకపోవడానికి అసలు కారణం, పెట్టడం తీయడం, పెట్టడం తీయడం. రేపు పొద్దున లేచి మొహం కడుక్కున్న వెంటనే పెట్టుకోండి, రాత్రి పడుకునేటప్పుడు తీయండి. అలా లెక్కపెడితే మీ పవర్‌కి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. సిలిండర్ లేకుండా ఒంటి మైనస్ ఒకటీ ఒకటిన్నర అయితే మూడు నాలుగు రోజుల్లో సర్దుకునేది. రెండు వారాలు రోజంతా పెట్టుకున్నా తేడా లేకపోతే అప్పుడు అద్దాలనీ పవర్‌నీ అనుమానించాలి.

అయితే కొన్ని విషయాల్లో రెండు వారాలు ఆగకూడదు. అందుకే ఇప్పుడే ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. పది అడుగుల దూరంలో గోడ క్యాలెండర్ పెట్టుకుని, అద్దాలతోనే ఒక కన్ను అరచేత్తో మూసి రెండోదానితో చదవండి. కన్ను మీద ఒత్తకండి, కేవలం కప్పండి. తర్వాత కన్ను మార్చండి. రెండు కళ్ళకీ అంకెలు ఇంచుమించు ఒకేలా స్పష్టంగా ఉంటే మంచిది. ఒక కంటికి మసకగా ఉంటే, రెండు కళ్ళూ తెరిచినప్పుడు ఒకే అంకె రెండుగా కనిపిస్తే, కుర్చీలో కదలకుండా కూర్చుని సూటిగా చూసినా తల తిరుగుతుంటే, అలవాటు కోసం ఎదురు చూడకుండా చీటీ తీసుకుని షాపుకి వెళ్ళండి. అలవాటు కాకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది నడుస్తున్నప్పుడూ, తల తిప్పినప్పుడూ, పక్కలకి చూసినప్పుడూ ఉంటుంది. సూటిగా చూసినప్పుడు మాత్రం చూపు తేటగానే ఉంటుంది. ఇంకొక గుర్తు: నిన్నటికంటే ఇవాళ కొంచెమైనా తక్కువగా ఉంటుంది.

నేల ఎందుకు వాలుతుందో తెలిస్తే భయం సగం పోతుంది, కాబట్టి అది కొంచెం వివరంగా చెప్తాను. మైనస్ అద్దం ప్రతిదాన్నీ కొద్దిగా చిన్నగా చూపిస్తుంది. ఒక్కో డయాప్టర్‌కి (పవర్‌ని కొలిచే ప్రమాణం ఇది) సుమారు ఒకటిన్నర శాతం అనుకోండి. ఒంటి పవర్ అయితే అన్ని దిక్కులా ఒకే తీరుగా చిన్నదవుతుంది, మెదడు పెద్దగా పట్టించుకోదు. సిలిండర్ ఉంటే ఒక దిక్కులో ఎక్కువ, దానికి అడ్డంగా తక్కువ. మీ ఎడమ కంటికి ఒక దిక్కున -1.50, దానికి అడ్డంగా -2.50 పనిచేస్తోంది. అంటే ఒక వైపు రెండు శాతం, ఇంకో వైపు మూడున్నర శాతం పైన. చదరంగా ఉన్న టైల్ చదరంగా కనిపించదు.

దానికి తోడు మీ యాక్సిస్‌లు సరిగ్గా 180 దగ్గర లేవు. ఒకటి 170, ఇంకోటి 15. కుడి కంటిలో నిలువు గీత ఒక వైపుకి రవ్వంత వాలితే, ఎడమ కంటిలో ఎదురు వైపుకి వాలుతుంది. ఈ రెండు బొమ్మలనీ మెదడు కలిపినప్పుడు ఆ ఎదురెదురు వాలుని లోతుగా అర్థం చేసుకుంటుంది. అందుకే గుమ్మం వంకరగా కనిపించకుండా నేల ఎత్తుకో పల్లానికో పోతున్నట్టు అనిపిస్తుంది. అద్దం సరిగ్గా ఉన్నా ఇది వస్తుంది. ఇంకా చెప్పాలంటే, అద్దం కచ్చితంగా చేసినప్పుడే ఈ లెక్క ఇలా వస్తుంది.

తల తిప్పితే గది ఊగినట్టుంటుంది, దానికీ కారణం ఇదే. తల ఎంత తిరిగితే కళ్ళు దానికి ఎదురుగా ఎంత కదలాలో లోచెవిలోని సమతౌల్య వ్యవస్థకి చిన్నప్పటి నుంచి ఒక లెక్క ఉంది. అద్దం వల్ల బొమ్మ పరిమాణం మారింది కాబట్టి ఆ లెక్క కొద్దిగా తప్పుతుంది. మెదడు దాన్ని మళ్ళీ కట్టుకుంటుంది. ఎంతవరకు కట్టుకోగలదో చూపించిన ప్రయోగం ఒకటుంది. 1896-97లో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లోకాన్ని తలకిందులుగా చూపించే కటకాలు పెట్టుకుని రోజుల తరబడి గడిపాడు. కొద్ది రోజుల్లోనే చేతులూ కాళ్ళూ ఆ చూపుకి తగ్గట్టు పనిచేయడం మొదలుపెట్టాయి. మూడున్నర శాతం తేడా దాని ముందు చిన్నదే. కానీ ఆ సర్దుబాటుకి ఎడతెగని వాడకం కావాలి. సగం రోజు పాత లెక్క, సగం రోజు కొత్త లెక్క అయితే రెండూ కుదరవు.

ఇక మెట్లు. అద్దం మధ్యలోంచి చూస్తే వస్తువు ఉన్నచోటే కనిపిస్తుంది. అంచులోంచి చూస్తే ఉన్నచోటు నుంచి జరిగి కనిపిస్తుంది. మైనస్ అద్దంలో కింది భాగం నుంచి చూస్తే నేల కొంచెం పైకి జరుగుతుంది. మీ పవర్‌లో అద్దం మధ్యభాగం నుంచి 10 మి.మీ. కిందికి దిగి చూస్తే మీటరు దూరానికి సుమారు రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్ల జరుగు ఉంటుంది. కంటి నుంచి మెట్టు మీటరున్నర దూరంలో ఉందనుకుంటే మూడు నాలుగు సెంటీమీటర్లు. అడుగు తడబడడానికి అది చాలు. అమీర్‌పేట స్టేషన్‌లో రైలు మారే హడావిడిలో జనం తోస్తుంటే ఇంకా కష్టం. పరిష్కారం సులువు: మెట్లు దిగేటప్పుడు కళ్ళు దించకండి, గడ్డం దించండి. తల వంచితే చూపు అద్దం మధ్యలోంచే పోతుంది. మొదటి వారం రెయిలింగ్ పక్కనే నడవండి, ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు ఫోన్ చూడకండి. పక్కకి చూడాలన్నా అంతే, కళ్ళతో పాటు మొహం తిప్పండి.

నుదుటి బరువు సంగతి వేరు. ఇన్నాళ్ళూ అద్దాలు లేకుండా ఫోన్ 40 సెం.మీ. దూరంలో పట్టుకుని చూసినప్పుడు మీ కంటి లోపలి కండరం సుమారు ఒక డయాప్టర్ పని చేస్తే సరిపోయేది. దగ్గర చూపుకి కావలసిన మిగతా పవర్ మీ సైట్‌లోనే ఉంది. ఇప్పుడు అద్దాలతో అదే ఫోన్‌కి పూర్తి రెండున్నర డయాప్టర్ల పని ఆ కండరమే చేయాలి. మామూలు కళ్ళున్న ఇరవై ఆరేళ్ళ వ్యక్తి రోజూ చేసే పనే ఇది, మీ వయసుకి అది భారం కాదు. అలవాటు లేదు, అంతే. మొదటి వారం ప్రతి ఇరవై నిమిషాలకి ఇరవై అడుగుల అవతలి వస్తువుని ఇరవై సెకన్లు చూడండి. స్క్రీన్ చెయ్యి చాచినంత దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తు కంటే కాస్త కిందికి ఉండాలి. ఏసీ గాలి సూటిగా మొహానికి తగిలే సీటైతే కళ్ళు ఎండి ఆ మంటని కూడా అద్దాల మీదికే తోస్తాం, గాలి రెక్కలు పక్కకి తిప్పించండి.

అద్దాలు తీస్తే ఎక్కువ మసకగా అనిపించడం కన్ను చెడిపోయిందనడానికి గుర్తు కాదు. మసకనే మామూలు చూపు అనుకున్న మెదడు ఇప్పుడు తేట బొమ్మ చూసింది, పోల్చుకుంటోంది. అద్దాలు పెట్టుకోవడం వల్ల పవర్ పెరగదు, పెట్టుకోకపోవడం వల్ల తగ్గదు. ఇది ఇంట్లో పెద్దవాళ్ళు నమ్మరు, "అప్పుడప్పుడూ తీస్తుండు, లేకపోతే బానిసైపోతావు" అంటారు. పిల్లల్లో ఈ విషయం మీద 2002లో ప్రచురితమైన ఒక మలేషియా అధ్యయనం ఉంది. పవర్ కావాలనే కొంత తక్కువగా ఇచ్చిన పిల్లల్లో సైట్ నెమ్మదించలేదు సరికదా, పూర్తి పవర్ ఇచ్చినవాళ్ళ కంటే ఎక్కువగానే పెరిగింది.

ఇప్పుడు మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసే సంగతికి వస్తాను: ఫ్రేమ్ మొహం మీద ఎలా కూర్చుంది అన్నది. "పవర్ పడలేదు" అని తిరిగి వచ్చే జోళ్ళలో చాలా వాటికి పవర్ బాగానే ఉంటుంది, ఫ్రేమ్ కూర్చోవడమే బాగుండదు. షాపులో అద్దం బిగించి, తుడిచి, పెట్టెలో పెట్టి ఇచ్చేస్తారు. మొహానికి సరిచేసి ఇవ్వడానికి పది నిమిషాలు ఎవరూ కేటాయించరు, మనమూ అడగం. అడగాలి.

అద్దం ముందు నిలబడి చూసుకోండి. ఫ్రేమ్ పై అంచు కనుబొమలకి సమాంతరంగా ఉందా, ఒక వైపు ఎత్తుగా ఉందా? వంకరగా కూర్చుంటే మీ సిలిండర్ యాక్సిస్ కూడా అంతే వంకరవుతుంది. యాక్సిస్ 10 డిగ్రీలు తప్పితే సిలిండర్‌లో మూడో వంతుకి పైగా తేడా మిగులుతుంది. 30 డిగ్రీలు తప్పితే అసలు సిలిండర్ వేయకముందు ఎంత దోషం ఉందో అంతే ఉంటుంది. ఇంట్లో చేసుకోగల పరీక్ష: దూరపు అక్షరాలు చూస్తూ ఒక కన్ను మూసి, ఫ్రేమ్‌ని రెండు చేతులతో పట్టుకుని రవ్వంత సవ్యంగా, రవ్వంత అపసవ్యంగా తిప్పండి. సరిగ్గా ఉన్న అద్దం ఎటు తిప్పినా కొంచెం మసకబారుతుంది. ఒక వైపు తిప్పినప్పుడు ఇంకా తేటగా కనిపిస్తే ఫ్రేమ్ వంకరో, యాక్సిస్ తప్పో ఏదో ఉంది.

తర్వాత పక్క నుంచి చూడమని ఎవరినైనా అడగండి. అద్దానికీ కంటికీ మధ్య 12 నుంచి 14 మి.మీ. ఉండాలి. రెప్ప వెంట్రుకలు తగలకూడదు, అలాగని ముక్కు సగానికి జారి ఉండకూడదు. అద్దం కింది అంచు బుగ్గల వైపు కొద్దిగా వంగి, ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల వాలు ఉంటే బాగుంటుంది. నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేమ్‌ని పైకి నెట్టకూడదు.

కాడ లోపలి వైపు 50□18-140 లాంటి అంకెలుంటాయి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన వెడల్పు, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. కాడ చెవి పైకి వచ్చిన చోటే వంగాలి. వంపు చెవి కంటే ముందే ఉంటే ఫ్రేమ్ ముందుకు తోసుకొస్తుంది, చెవి దాటాక ఉంటే జారుతుంది. ఈ వంపు వేడి చేసి మార్చవచ్చు, రెండు నిమిషాల పని. కణతల దగ్గర ఒత్తుతుంటే ఫ్రేమే ఇరుకు, దాన్ని కొంత వెడల్పు చేయొచ్చు గానీ మరీ ఇరుకైతే మార్చుకోవడమే మేలు. మీకు సాయంత్రం వచ్చే బరువు కణతల్లోనా, నుదుటి మధ్యలోనా గమనించండి. కణతల్లో, చెవుల వెనక అయితే అది కాడల ఒత్తిడి, కంటి సమస్య కాదు.

ముక్కు మీద ఎర్రటి గుర్తులు మొదటి వారం మామూలే. కానీ ఒక వైపే లోతుగా పడితే ముక్కు ప్యాడ్లు సమంగా లేవని అర్థం. లోహపు ఫ్రేమ్‌కి చిన్న తీగల చివర ఉండే ప్యాడ్లని దగ్గరికీ దూరానికీ వంచవచ్చు. ప్లాస్టిక్ ఫ్రేమ్‌లో ప్యాడ్ అచ్చులోనే ఉంటుంది, వంచడానికి లేదు, అందుకే ముక్కు వంతెన చప్పగా ఉన్నవాళ్ళకి మొదటి జోడు లోహపు ఫ్రేమ్ తీసుకోమనే చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో చెమటకి ఏ ఫ్రేమైనా జారుతుంది. సిలికాన్ ప్యాడ్లు వేయించుకుంటే కొంత ఆగుతుంది. చెమటతో అవి పసుపు పచ్చగా మారి గట్టిపడినప్పుడు మార్పించుకోండి, ఖర్చు తక్కువే.

రెండు వారాలకీ తగ్గకపోతే షాపులో ఏం అడగాలో చెప్తాను. "ఇబ్బందిగా ఉంది" అంటే "అలవాటవుతుంది సార్" అని పంపేస్తారు. దానికి బదులు, "ఈ జోడుని లెన్సోమీటర్ మీద పెట్టి పవర్, యాక్సిస్, సెంటర్ చూసి కాగితం మీద రాసివ్వండి" అనండి. అద్దం పవర్ కొలిచే ఆ యంత్రం ప్రతి మంచి షాపులో ఉంటుంది, కోఠి, ఆబిడ్స్‌లోని పాత దుకాణాల్లో కూడా. ఆ అంకెల్ని మీ చీటీతో పోల్చండి. గుండ్రటి పవర్‌లో, అంటే సిలిండర్ కాని మొదటి అంకెలో, ఎనిమిదో వంతు డయాప్టర్, అంటే 0.12 దాకా తేడా ఒప్పుకోదగ్గదే. యాక్సిస్‌కి అమెరికా ప్రమాణం ప్రకారం 0.50 దాటి 0.75 సిలిండర్ దాకా ఐదు డిగ్రీలు, అది దాటి 1.50 దాకా మూడు డిగ్రీలు మించకూడదు. అంటే మీ కుడి అద్దానికి ఐదు, ఎడమ అద్దానికి మూడు.

ఇక్కడ చాలామంది కంగారు పడే విషయం ఒకటుంది. చీటీలో -1.25, -0.75, 170 అని ఉండి, షాపు కాగితంలో -2.00, +0.75, 80 అని వస్తే రెండూ వేరు అనుకుని గొడవ పెట్టుకుంటారు. రెండూ ఒకే అద్దం, రాసే పద్ధతి వేరు. మొదటి రెండు అంకెలూ కలపండి, సిలిండర్ గుర్తు మార్చండి, యాక్సిస్‌కి 90 కలపండి లేదా తీసేయండి, రెండో పద్ధతి వస్తుంది.

సెంటర్ అంటే అద్దం ఆప్టికల్ మధ్యబిందువు మీ కనుపాప ఎదురుగా ఉందా లేదా అన్నది. రెండు కనుపాపల మధ్య దూరాన్ని పీడీ అంటారు, పెద్దవాళ్ళలో ఎక్కువమందికి 54 నుంచి 74 మి.మీ. మధ్యలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో పీడీ ఇవ్వకుండా కొన్నప్పుడు ఇది తప్పే అవకాశం ఎక్కువ. మీ పీడీ 62 అయి అద్దాలు 68కి చేస్తే మీ పవర్‌కి సుమారు 0.8 ప్రిజం డయాప్టర్ల (అద్దం బొమ్మని ఎంత పక్కకి జరుపుతుందో చెప్పే కొలత) భారం కళ్ళ మీద పడుతుంది, కళ్ళు రెండూ బయటికి లాగి చూడాల్సి వస్తుంది. పైకీ కిందికీ తేడా అయితే ఇంకా తక్కువకే పట్టేస్తుంది, అక్కడ ఒక ప్రిజం డయాప్టర్‌లో మూడో వంతు దాటినా ఇబ్బంది పెడుతుంది. సెంటర్ల మీద చుక్కలు పెట్టించి, వాటి మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి మీ పీడీతో పోల్చండి.

అద్దం చీటీ ప్రకారమే ఉంది, ఫ్రేమ్ బాగా కూర్చుంది, అయినా తగ్గలేదంటే అప్పుడు పరీక్షే మళ్ళీ చేయించాలి. గడ్డం పెట్టి లోపల బొమ్మ చూపించే ఆటో రిఫ్రాక్టర్ యంత్రం ఇచ్చే చీటీ ప్రాథమిక అంచనా మాత్రమే. దాన్ని అలాగే అద్దాలకి ఎక్కిస్తే కుర్రవాళ్ళలో మైనస్ ఎక్కువ పడే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఆ బొమ్మని చూస్తూ కండరం బిగుసుకుంటుంది. మైనస్ ఎక్కువైతే అక్షరాలు తేటగానే ఉంటాయి కానీ చిన్నగా, మరీ నల్లగా, చెక్కినట్టు కనిపిస్తాయి, దగ్గర పనికి తలనొప్పి వస్తుంది. సరైన పరీక్షలో ట్రయల్ ఫ్రేమ్ (అద్దాలు మార్చి మార్చి పెట్టి చూసే ఫ్రేమ్) పెట్టి, అక్షరాల చార్టు మీద ఒక్కో కన్నూ విడిగా చూసి, ఎరుపు ఆకుపచ్చ పలకల మీద సరిచూసి, చివర ఆ ట్రయల్ ఫ్రేమ్‌తోనే మిమ్మల్ని ఐదు పది నిమిషాలు నడిపిస్తారు. నడిపించకపోతే మీరే అడగండి. సిలిండర్ మరీ పడకపోతే మొదటి జోడులో కొంత తగ్గించి, కొన్ని నెలల తర్వాత పూర్తిగా ఇవ్వడం పద్ధతే, కానీ అది పరీక్షించినవాళ్ళు నిర్ణయించాలి. మెహిదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల ఈ పరీక్ష పూర్తిగా చేస్తారు. వెళ్ళేటప్పుడు జోడు, పాత చీటీ రెండూ తీసుకెళ్ళండి. మీకో మీ ఇంట్లోవాళ్ళకో షుగర్ ఉంటే ఇంకో మాట: షుగర్ బాగా పెరిగి తగ్గుతున్న రోజుల్లో కంటి పవర్ కూడా మారుతుంది. అది కుదుటపడ్డాకే అద్దాలు చేయించుకోవాలి.

ఇదే ప్రశ్నతో చదివే మిగతావాళ్ళ కోసం కొంచెం. చత్వారం అద్దాలు దగ్గర చూపుకి మాత్రమే. వాటితో దూరం చూస్తే మసకగానే ఉంటుంది, అది లోపం కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో దగ్గర చూపు అద్దాలు అందుకున్న పెద్దవాళ్ళలో కొందరు అవి పెట్టుకునే బజారుకి వెళ్ళి "తల తిరుగుతోంది" అని పెట్టెలో పడేశారు. మీ ఇంట్లో అలాంటి జోడు ఉంటే పేపరు, బియ్యంలో రాళ్ళు, సూదిలో దారం లాంటి పనులకి మాత్రమే అని చెప్పి చూడండి. ప్రోగ్రెసివ్ అద్దాలకి (దూరం, దగ్గర చూపు రెండూ ఒకే అద్దంలో ఉండేవి) రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, చదివేటప్పుడు కళ్ళు దించాలి, మెట్లు దిగేటప్పుడు గడ్డం దించాలి. ప్లస్ పవర్ మొదటిసారి వచ్చినవాళ్ళకి మొదట్లో దూరం కొంచెం మసకగా ఉంటుంది, ఎందుకంటే ఏళ్ళ తరబడి బిగుసుకున్న కండరం వదలడానికి సమయం కావాలి. పిల్లలకి మాత్రం "ఇష్టమైనప్పుడు పెట్టుకో" అనకండి. ఏడెనిమిదేళ్ళ లోపు మసక చూపుతో పెరిగిన కన్ను తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా పూర్తిగా చూడలేకపోవచ్చు.

కళ్ళ ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కల గుంపు, పక్క నుంచి తెర దిగినట్టు చూపు పోవడం, ఎర్రబడి నొప్పితో చూపు తగ్గడం, ఉన్నట్టుండి, అద్దాలు తీసినా రెండుగా కనిపించడం, వీటికి అద్దాలతో సంబంధం లేదు. ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి.

మీరు బ్లూ కట్ (స్క్రీన్ నీలి కాంతిని కొంత ఆపే అద్దం) తీసుకున్నారని రాశారు, ఇబ్బంది దానివల్లనా అని. కాదు. తెలుపు కొంచెం పసుపుగా కనిపిస్తుంది, అంతే. అయితే స్క్రీన్ అలసట తగ్గుతుందని అదనపు డబ్బు పెట్టడం అనవసరం, వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే కొక్రేన్ సంస్థ 2023 సమీక్షలో అలాంటి లాభం కనబడలేదు. ఆ డబ్బు మంచి యాంటీ రిఫ్లెక్షన్ పూత మీద పెట్టండి. మీ పవర్‌కి మామూలు సీఆర్-39 ప్లాస్టిక్ అద్దం చాలు, చూపు తేట దాంట్లోనే ఎక్కువ. స్కూటర్ నడుపుతారు కాబట్టి పాలీకార్బోనేట్ తీసుకున్నా మంచిదే, అంత సులువుగా పగలదు. కాకపోతే అంచుల్లోంచి చూసినప్పుడు దీపాల చుట్టూ సన్నటి రంగుల గీత కనిపించవచ్చు.

కొత్త జోడు మసకబారిందని వచ్చేవాళ్ళలో కొందరికి కావలసింది సబ్బు మాత్రమే. చల్లటి నీళ్ళ కింద పెట్టి ముందు దుమ్ము పోనివ్వండి, గిన్నెలు తోమే పలచని లిక్విడ్ ఒక్క చుక్క వేళ్ళతో రెండు వైపులా, ముక్కు ప్యాడ్ల మీదా రుద్ది కడిగి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. మన బోరు నీళ్ళు ఆరితే తెల్ల మచ్చలు కడతాయి, అందుకే ఆరబెట్టకూడదు. చున్నీ, చొక్కా అంచు పొడిగా రుద్దితే దుమ్ము గీతలు పెడుతుంది. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద, స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ వదలకండి. వేడికి ప్లాస్టిక్ సాగినంతగా దాని మీది పూత సాగదు, సన్నటి వెంట్రుక పగుళ్ళు వస్తాయి, వాటిని ఎవరూ బాగుచేయలేరు.

ఇక స్కూటర్. నేల వాలుగా కనిపించినన్ని రోజులూ నడపకండి, ఉప్పల్ నుంచి మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చే దారి మీకుంది కాబట్టి ఈ వారం అదే చాలు. స్టేషన్ దాకా ఆటోలో వెళ్ళండి. నడిచేటప్పుడు గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ అంచనా తప్పడం లేదని మీకే నమ్మకం కుదిరాక, ముందు పగటిపూట మీ కాలనీలో అరగంట నడిపి చూడండి, ఆ తర్వాతే రద్దీ రోడ్డు, అన్నిటికంటే చివర రాత్రి. అలాగని అద్దాలు తీసేసి నడపడం మొదలుపెట్టకండి, మీ పవర్‌కి దూరం నుంచి వచ్చే మనిషి ఆనడు. హెల్మెట్ ముందు పెట్టుకుని, తర్వాత అద్దాలు కాడలు తిన్నగా లోపలికి తోయండి, తీసేటప్పుడు ముందు అద్దాలు. నిండు హెల్మెట్ లోపలి మెత్త కాడల్ని కణతలకి నొక్కుతుంటే వంపు లేని సన్నటి కాడల ఫ్రేమ్ కావాలి. బిగుతుగా ఉందని హెల్మెట్ పట్టీ వదులు చేసుకోవద్దు.